మాంసం గుర్తు

"ఆ ఎముకలు మావి. మా ఊళ్ళోనే పాతిపెడతాం," అంది ఉల్మెకెన్ ముసలమ్మ. ఇలి నది ఒడ్డున వరిగలు పండించే కిందఊరు ఆమెది. "ఆ మనిషి బతికినన్నాళ్ళూ తిన్నది వరిగ గంజేనట. ఎముకే చెప్పింది. ఇంకా పేచీ ఏమిటి?"

పైఊరి పెద్ద తాస్తెమిర్ ముఖం మాడిపోయింది. వాళ్ళు గుర్రాలూ గొర్రెలూ కాచుకునేవాళ్ళు. ఇసుకదిబ్బలో బయటపడ్డ వేల ఏళ్ళనాటి ఆ అస్థిపంజరం తమ మొదటి దొరదేనని ఊరూరా చాటుకున్నాడాయన.

పరీక్ష చేసింది కంషాత్. అల్మాటీ ప్రయోగశాలలో అదే ఆమె పని. మనిషి తిన్న తిండి ఎముకలో గుర్తుగా నిలిచిపోతుందనీ, వరిగలది ఒక గుర్తు, మాంసానిది ఇంకొకటనీ రెండు ఊళ్ళకీ ఆమే విడమరిచి చెప్పింది.

"పుర్రెకి అంటుకుని జడ కూడా దొరికిందిగా. దాని సంగతి చెప్పు తల్లీ," అన్నాడు తాస్తెమిర్.

వెంట్రుక చివరి నెలల సంగతి చెబుతుందంది కంషాత్. కుదుళ్ళ వైపు వచ్చేకొద్దీ మాంసం గుర్తు పెరుగుతూ పోయిందనీ, చనిపోయేనాటికి చాలా ఎక్కువగా ఉందనీ చెప్పింది. ఇంకా ఏదో చెప్పబోయింది. వినేవాళ్ళెవరు? పైఊరివాళ్ళు అప్పటికే ఒకళ్ళనొకళ్ళు వాటేసుకుంటున్నారు. గొర్రెని తెమ్మని ఎవరో కేక వేశారు.

"చిన్నతనంలో మీ గంజి తాగాడు, కాదనను," అన్నాడు తాస్తెమిర్ ముసలమ్మతో. "బుద్ధొచ్చాక మా గడప తొక్కాడు."

"తీసుకుపో," అంది ఉల్మెకెన్. "మాంసం మరిగినవాడు గంజి మొహం చూడడులే."

అయినా విందుకి ఆమెనీ కూర్చోబెట్టారు. గుడారం నిండా ఉడికిన మాంసం వాసన. పులిసిన గుర్రం పాలు చేతులు మారుతున్నాయి. దొర గుర్రమెక్కి ఎన్ని కొండలు దాటి ఉంటాడో ఒకడు వర్ణిస్తుంటే, పక్కవాడు ఆ గుర్రానికి రంగు కూడా పెట్టేశాడు. ఆ మాటలు కంషాత్‌కి గోడ అవతల నుంచి వస్తున్నట్టు వినిపించాయి. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు.

గౌరవానికి గొర్రె తల తెచ్చి కంషాత్ ముందే పెట్టారు. కత్తి అందుకుంది. కాసేపు పట్టుకుని, మళ్ళీ పళ్ళెం పక్కన పెట్టేసింది.

ముట్టుకోవేమని తాస్తెమిర్ నొచ్చుకున్నాడు. ఆయన దగ్గరగా జరిగి, అందరికీ వినబడాలనే గొంతు పెంచి అడిగాడు.

"పోనీ ఒక్క మాట చెప్పమ్మా. చివరి రోజుల్లో మా దొర తిన్నది ఏ మాంసం? గుర్రానిదా, గొర్రెదా?"

కంషాత్ తల ఎత్తలేదు.

"కరువులో తిండి పుట్టకపోతే ఒళ్ళే ఒంటిని తింటుంది తాతా. ఆ మాంసం ఆయనదే."