నవ్వుతూ చెప్పిన అబద్ధం

మీడియా డిగ్రీ చేస్తే ఏడాదిలో అప్పు తీరుతుందని నమ్మించి మీరు నన్ను మోసం చేశారు, ధీరజ్ గారూ.

మీ కన్సల్టెన్సీ చూపించిన బెర్లిన్ ప్రైవేటు కాలేజీకి మా నాన్న ఇరవై రెండు లక్షలు అప్పు తెచ్చాడు. డిగ్రీ వచ్చి రెండేళ్లయినా నేను గోదాములో పార్సిళ్లు సర్దుతున్నాను. గది అద్దె పోగా మిగిలేది వడ్డీకే చాలదు. వీడియో ఎడిటింగ్ ఫోన్‌లో చూసి సొంతంగా నేర్చుకున్నాను, మీ కాలేజీ అంతకు మించి నేర్పిందేమీ లేదు.

పోయిన నెల మీరే ఫోన్ చేశారు. "తమ్మీ, నెలకు నాలుగు వేల యూరోలు సంపాదిస్తున్నా అని మా యాడ్ వీడియోల నవ్వుకుంట చెప్పు, మూడు వందల యూరోలిస్త" అన్నారు. కిస్తీ కట్టాల్సిన వారం అది. చెప్పాను. ఆ వీడియో నేనే ఎడిట్ చేసి పంపాను.

నిన్న మా చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నా, గింత సంపాదిస్తు మాకు చెప్పకపోతివి గదా, దొంగ. నీ వీడియో చూసి నేను గూడ అదే కాలేజీల సీటు తీసుకున్న. సోమారం నాన్న లోన్‌కు సంతకం పెడ్తుండు."

"మంచిదమ్మా" అన్నాను.

నేను చెప్పింది అబద్ధమని మా నాన్నకు మీరే ఫోన్ చేసి చెప్పండి. నా వల్ల కాలేదు. ఆదివారం సాయంత్రంలోగా చెప్పి, చెప్పానని నాకు జవాబు రాయండి.