చప్పుడు లేని వాడ

“ఎవలు వోయిండ్రు బిడ్డా?” ఇల్లు కొనడానికి వచ్చిన లసుమవ్వ చెప్పులు విడవకుండా గడపలోనే ఆగిపోయింది.

“ఎవరూ పోలేదవ్వా. లోపలికి రా,” అంది ఇల్లమ్ముతున్న జ్యోతిరాణి.

“మరి సిరిసిల్లల పట్టపగలు సాంచాలు బందున్నయేంది? వాడల పీనుగ లేస్తెనే గదా బంద్ వెడ్తరు.”

బ్రోకర్ ఓంప్రకాశ్ నవ్వాడు. “గా మరమగ్గాల లొల్లి మీకెందుకని మేమే ఆపిచ్చినం. జర సూడుండ్రి, కాలనీ లెక్క ఎంత సల్లగుందో.”

పొద్దున, వాడలో సాంచాలు ఒక పూట ఆపించమని ఎదురింట్లో నేసే రాజేశాన్ని బతిమిలాడింది జ్యోతిరాణే. ఈ ఇల్లు అమ్ముడుపోతేనే కరీంనగర్‌లో ఆమె బయానా ఇచ్చిన ఫ్లాటు దక్కుతుంది.

లసుమవ్వ ఇంటిని చూడలేదు, ఆమెను ఎగాదిగా చూసింది.

“నేసినంతకే కూలి దొరికేటోళ్లు. నాకు ఇల్లు సూపెట్టనీకె వాళ్ల పూట కూలి తీస్తివా? రేపు నేనీడికొస్తె నా మొఖం జూసి ఏమనుకుంటరు? మంచిగనే ఎరుక జేసినవ్ వాడకు నన్ను.”

“అది కాదవ్వా, చప్పుడుకు ఎవరూ కొంటలేరని...”

“సదువుకున్నవ్ గదా. గంతే తెలుస్తది నీకు.”

లసుమవ్వ వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఓంప్రకాశ్ మొహం చిట్లించాడు. “ముసల్దానికి టెక్కు. ఫికర్ చేయకు మేడం, సాయంత్రం ఇంకొకలు వస్తుండ్రు.”

ఎదురింటి తలుపులోంచి రాజేశం తొంగి చూశాడు.

“బేరం కుదిరిందా చెల్లే? కుదరకుంటె చెప్పు, ఇంకో పూట గూడ ఆపుతం.”

జ్యోతిరాణికి అతని కళ్లలోకి చూడటం చేతకాలేదు.

“నడుపుకో అన్నా. కొనేటోళ్లు వినే కొంటరు.”