వెనక టైర్ల పట్టు

శిరీష పొద్దుటి నుంచి తమ్ముడి కారు కిందే ఉంది. బోల్టు బిగించడం, విప్పడం, మళ్లీ బిగించడం. కుదురన్నది లేదు.

"పందెం పెట్టుకొని ఇంకా ఆని కారు కిందనేనా బిడ్డా?" మొయినాబాద్ షెడ్డు గుమ్మంలో తండ్రి మల్లేశ్ విసుక్కున్నాడు. "నీ పని నువ్వు చూస్కోరాదు?"

"జర ఆగు బాపూ. ఎక్స్‌లేటర్ తొక్కంగనే ఎనక టైర్లు ఎగిరెగిరి పడుతున్నయి. రోడ్డునే పట్టుకుంటలేవు."

సాయిచంద్ కారుకు వెనక స్ప్రింగులు మరీ బిగుతు. కారు ఉరికేటప్పుడు వెనక భాగం కాస్త కిందికి కూర్చోవాలి. అప్పుడే బరువు టైర్ల మీద పడి పట్టు దొరుకుతుంది. శిరీష మెత్తటి స్ప్రింగులు వేసింది. అరిగిన రబ్బరు బుష్‌లు పీకి కొత్తవి కొట్టింది.

పోయిన పందెంలో టైర్లు జారి సాయిచంద్ వెనకబడ్డాడు. నీలం కారు గెలిచింది. చేవెళ్ల నుంచి షాబాద్ దాకా అందరిదీ ఒకటే మాట: "నసీబు బాగుండి గెల్సింది. టైర్లు జారకుంటే సాయిచంద్ ముందు నిలుస్తుండెనా?"

ఆ పందెం గుర్తొస్తే శిరీషకు ఒళ్లు మండుతుంది. ఇవాళ గెలిస్తే సిటీ రేసింగ్ టీంలో చోటు. ఉన్నది ఒక్కటే సీటు.

"ఈసారి టైర్లు జారినయన్న మాట రావొద్దు," అంటూ కారు కింది నుంచి బయటికి జరిగింది.

"అక్కా, నేను గెల్సినంక ఏడ్వొద్దు మల్ల!" సాయిచంద్ నవ్వాడు.

"ముందు గెల్వురా, సూస్త."

మధ్యాహ్నం. ఎంకపల్లి దగ్గర ఒక ఫాంహౌస్ వాళ్ల సొంత రోడ్డు. రెండు కార్లు పక్కపక్కన గుర్రుమంటున్నాయి. శిరీష అరచేతులకు చెమట. ప్యాంటుకు తుడుచుకుంది. మళ్లీ పట్టింది. చూపు జెండా మీదే. 'టైర్లు జారొద్దు దేవుడా, జారొద్దు' అని ఒకటే గొణుగుడు.

జెండా లేచింది. సాయిచంద్ కారు వెనక భాగాన్ని కిందికి దించి, రోడ్డును కరుచుకుని ఉరికింది. ఒక్క టైరూ జారలేదు. సగం దూరం దాకా అతనే ముందు.

"మన సాయిగాడే!" జనం కేకలు. మల్లేశ్ మాత్రం గోళ్లు కొరుక్కుంటున్నాడు.

గీత దాటేసరికి నీలం కారు మూరెడు ముందుంది.

కేకలు ఆగిపోయాయి. ఈసారి చెప్పుకోవడానికి సాకు కూడా లేదు. సాయిచంద్ దిగి, నీలం కారు దగ్గరికి నడిచి తలుపు తీశాడు.

స్టీరింగ్ ముందు కూర్చున్న శిరీష హెల్మెట్ తీస్తూ, "ఇప్పుడనమనురా, నసీబని," అంది.