నీలం ట్రక్‌లో ప్రశ్న

నీలం ట్రక్ మళ్లీ వచ్చి ఆగింది.

రాగిణి బ్లైండ్స్ సందులోంచి చూసి చప్పున వెనక్కి తగ్గింది.

"అదే ముసలాడు. ఇవాళ్టికి నాలుగో సాయంత్రం. పుస్తకం చదవడం, మన కిటికీ వంక చూడడం!"

అమెరికాలో వాళ్లుంటున్న షామ్‌బర్గ్ ఊళ్లో ఆ నవంబర్‌లో చలికన్నా భయమే ఎక్కువగా ఉంది. న్యూయార్క్‌లో టవర్లు కూలి రెండు నెలలు. గడ్డం ఉన్న ప్రతివాడూ అనుమానితుడే. ఆమె భర్త తేజేశ్వర్‌కి ఇరవై తొమ్మిది రోజుల గడ్డం, ఒంటిమీద నల్లచొక్కా, మెడలో అయ్యప్ప మాల.

"ఆ గడ్డం తీసేయండి. స్వామి ఏమీ అనుకోడు."

"ఇంకా పన్నెండు రోజులే, మాతా."

"మాతా గీతా అంటే తంతాను! నాకు భయంగా ఉంది."

అతనికీ భయంగానే ఉంది. అది దాచుకోవడానికే చెత్త సంచీ పట్టుకుని కిందికి దిగాడు.

ట్రక్ అద్దం దిగింది. తెల్లజుట్టు, నిద్రలేక ఎర్రబారిన కళ్లు.

"ఒక ప్రశ్న," అన్నాడు ముసలాయన. "దెబ్బ తినడం ఘోరమా? కొట్టడం ఘోరమా?"

తేజేశ్వర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఎందుకు?"

"సోక్రటీస్ ఏథెన్స్ వీధుల్లో అడిగిన మాటే. నేను ముప్ఫై ఏళ్లు క్లాసులో అడిగాను. ఇప్పుడు ఇంట్లో అడుగుతున్నాను, జవాబు రావడం లేదు. తిన్నవాడికి ఒళ్లే గాయపడుతుంది. కొట్టినవాడికి ఆత్మే చెడుతుంది. అది చెడ్డాక మనిషి బతికి ఏం లాభం?"

గొంతు తగ్గించాడు.

"తలుపు గడియ వేసుకో. కిటికీ దగ్గర నిలబడకు."

మెట్లు ఎలా ఎక్కాడో తేజేశ్వర్‌కి తెలీదు.

"బెదిరించాడు! నైన్ వన్ వన్‌కి కాల్ చేయి!" అని రాగిణి మీద అరిచాడు.

పది నిమిషాల్లో పోలీస్ వచ్చాడు. ముసలాయన చేతులు చాచి ఏదో బతిమాలాడు. ఆఫీసర్ తల అడ్డంగా ఊపాడు. ట్రక్ కదిలి వెళ్లిపోయింది.

"పీడ వదిలింది," అంటూ రాగిణి బ్లైండ్స్ బార్లా తెరిచింది.

మర్నాడు సాయంత్రం ఆరింటికి కిటికీ అద్దం భళ్లున పగిలింది. మండుతున్న సీసా సోఫా మీద పడింది. తేజేశ్వర్ దుప్పటి కప్పి ఆర్పేలోగా రాగిణి కుడిచేయి మోచేతిదాకా కాలింది. పారిపోతున్నవాణ్ని పార్కింగ్‌లో పక్కింటివాళ్లు పట్టుకున్నారు.

తెల్లారి స్టేషన్‌కి వెళితే అదే ఆఫీసర్. తేజేశ్వర్ కళ్లలోకి చూడకుండా చెప్పాడు.

"వాడి అన్న టవర్లలో పోయాడు. స్టోర్‌లో మీ గడ్డం, నల్లబట్టలు చూసి వెంటపడ్డాడు. నాలుగైదు రోజులుగా సీసా పట్టుకుని వస్తూనే ఉన్నాడట."

"మరి ఇన్నాళ్లూ..."

"కింద ట్రక్‌ని చూసి వెనక్కి తిరిగేవాడట. మొన్న దాన్ని మేం పంపేశాం."

తేజేశ్వర్ బల్ల మీదికి వంగాడు.

"ఆ ట్రక్‌ని చూసి వాడెందుకు ఆగాలి?"

ఆఫీసర్ గది మూలకి చూపించాడు.

అక్కడ బెంచీ మీద, కాలిన వాసన వేస్తున్న కొడుకు జాకెట్‌ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు నీలం ట్రక్ ముసలాయన.