గుమ్మంలోంచే

తాళంచెవి పోయిన రోజు మంగళవారం. పొద్దున్న చంద్రమౌళి మొలతాడుకు ఉంది. నూతి దగ్గర స్నానం చేసి వచ్చేసరికి లేదు.

నూతి గట్టు చూశాడు. జీడిచెట్ల కింద ఆకులు చేత్తో తీసి తీసి చూశాడు. పదకొండింటికి కుసుమ వచ్చేస్తుంది.

కుసుమ అతని భార్య. వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటుంది. ఎప్పుడూ అతనే తోడు వెళ్తాడు. ఈ రోజు తన చెల్లెలు గౌరీశ్వరిని పంపాడు. మూడేళ్ళుగా కుసుమ పడక ఆ గౌరీశ్వరి ఇంటి వరండాలోనే. తెల్లవారుజామున ఆటో ఎక్కుతూ కుసుమ ఒక్కటే చెప్పింది.

“నాను దిగీసరికి నా గదిలో మంచం ఉండాల, మావా.”

మంచం వచ్చింది. కుసుమ తమ్ముడు లోకనాథ్ సోంపేట నుంచి వ్యానులో తెచ్చాడు. ఒక నిలువుటద్దం, రంగుల దుకాణం వాడిచ్చిన కార్డు కూడా తెచ్చాడు. అన్నీ తాళం వేసిన తలుపు ముందు ఎండలో ఉన్నాయి.

మాఘంలో ముహూర్తం చూసి గుమ్మం నిలబెట్టిన రోజే కుసుమ పట్టుబట్టి తలుపు బిగించింది. టెక్కలి నుంచి ఇత్తడి తాళం తెప్పించి వేయించింది. తాళం లేనిది ఇల్లు కాదని ఆమె మాట.

లోకనాథ్ రాయి తీశాడు. “పగలగొట్టీమంటావేటి బావా?”

“సెయ్యి ఇరిసీగల్ను. అది మీ యక్క తెప్పించిన తాళం.”

“పోనీ, పక్కనుంచి ఎల్లిపోదుమా?”

చంద్రమౌళి అతన్ని ఎగాదిగా చూశాడు. “దొంగలెల్లే దారంట మనింట్లోకి మనం ఎల్తామేటి? కుడికాలెట్టి గుమ్మంలోంచే ఎల్లాలని మీ యక్క సెప్పలేదా?”

చెప్పింది. లోకనాథ్ రాయి కింద పెట్టాడు.

పొరుగింటి ముసలమ్మ తవిటమ్మ వచ్చింది. “ఏటి నాయినా, మీ ఇంటి ముందల మీరే సుట్టాల్లాగ కూకున్నారు?”

“తాళం సెవి పోనాది, మామ్మా.”

“అలగా? మా కోడి లోపలుంది మరి.”

“అదెలాగెల్లింది?” అన్నాడు లోకనాథ్.

“దాన్నే అడుగు. దానికి దొరికిన దారి మీకు దొరకలేదు.”

“కోడికి మరియాద తెల్దు మామ్మా” అన్నాడు చంద్రమౌళి.

ఖాళీగా కూర్చోవడం ఎందుకని లోకనాథ్ రంగుల కార్డు విప్పాడు. హాలుకు లేత పసుపు, వంటింటికి గోధుమ రంగు అనుకున్నారు. టీవీ దగ్గర పేచీ వచ్చింది.

“ఆడెడితే వంటింట్లోంచి కనపడదు. గోడ అడ్డమొచ్చీదా?” అంది తవిటమ్మ. “ఆ గోడ తీసీరాదా?”

“అది కుసుమ సెప్పిన గోడ. తీయడం కుదరదు.”

ఇక కుసుమ గది పైకప్పు మిగిలింది. తెలుపు మాత్రం వద్దంది. ఆస్పత్రిలో నాలుగేసి గంటలు తెలుపే చూస్తున్నానంది.

“ఏపాకు పచ్చ ఎయ్యండి” అన్నాడు లోకనాథ్.

“పెళ్ళిపందిరనుకొని జనాలు బోజనాలకి కూకుంటారు” అంది తవిటమ్మ.

ఆటో వచ్చింది. కుసుమ గౌరీశ్వరి భుజం పట్టుకుని దిగింది. ఎడమచేతికి దూది, ప్లాస్టరు. ఎండలో మంచాన్ని, అద్దాన్ని, ముగ్గురు మనుషుల్ని చూసింది.

“లోపలుండాల్సిన మంచం బయటుందేటి?”

“తాళం సెవి పోనాది” అన్నాడు చంద్రమౌళి, తల వంచుకుని.

కుసుమ ఆస్పత్రి ఫైలు అడిగి తీసుకుంది. రిపోర్టుల మధ్య నుంచి రెండో తాళంచెవి తీసింది.

“పారీసుకుంతావని నాకు ముందే తెలుసు.”

తాళం తీసి, కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళింది. మిగిలినవాళ్ళు చెప్పులు బయట విడిచి, ఒకరి వెనుక ఒకరు వెళ్ళారు.

మంచం మాత్రం గుమ్మంలో పట్టలేదు. అడ్డంగా రాలేదు. నిలబెడితే పైన తగిలింది. ఏటవాలుగా తిప్పితే మంచంకోళ్ళు ఇరుక్కున్నాయి. లోకనాథ్ వేళ్ళ మీద చర్మం లేచిపోయింది. తవిటమ్మ లోపల నిలబడి, ఇటు, అటు అని చెబుతూనే ఉంది. ఇరవై నిమిషాలు పట్టింది.

“కిటికీ పక్కన ఎయ్యండి. అది కాదు, ఇటు. తల తూరుపుకి” అంది కుసుమ.

పడుకుంది. పైకి చూసింది.

“ఈ నీలం బాగుంది. దీన్నే ఉంచీండి” అంది.

లోకనాథ్ కార్డు పైకెత్తి, ఒక కన్ను మూసి సరిచూసుకున్నాడు. ఒక గడి మీద పెన్సిలుతో గుర్తు పెట్టాడు.

“కిటికీలోంచి కొబ్బరాకు కనపడతందా?” అడిగాడు చంద్రమౌళి.

“కనపడతంది మావా.”

ఎండ ముఖం మీదికి వచ్చేదాకా ఆమె లేవలేదు. తరువాత అందరూ బయటికి వచ్చారు. కోడిని కూడా గుమ్మంలోంచే తోలమంది కుసుమ. దానికి మంచం కన్నా ఎక్కువ సేపు పట్టింది.

చంద్రమౌళి తాళం వేసి, రెండుసార్లు లాగి చూశాడు. రెండో తాళంచెవి కుసుమ మళ్ళీ ఫైల్లోనే పెట్టుకుంది. మొదటిది దొరకలేదు.

గోడలు, పైకప్పు ఇంకా కట్టలేదు.