ఇంకో కాపీ

"ఈ పెట్టె పాడైపోతే వీళ్ళందరూ ఏటైపోతారు బాబూ?"

గుమ్మం పక్కన కూర్చున్న ఆమె అడిగింది.

సింహాద్రి నవ్వాడు. కంప్యూటర్ కొత్తదేననీ, ఇప్పట్లో దానికేమీ కాదనీ చెప్పాడు.

పెదజాలరిపేటలో సముద్రానికి ఎదురుగా అతని ఇల్లు. పోర్టులో గుమస్తా ఉద్యోగం. వాళ్ళ వంశంలో సముద్రం మీద చేపల వేటకు వెళ్ళని మగవాడు అతనొక్కడే. అందుకేనేమో, వెళ్ళినవాళ్ళ సంగతులన్నీ పోగుచెయ్యాలన్న తపన పట్టుకుంది. సెలవు దొరికితే చాలు, బంధువులున్న పల్లెలన్నీ తిరిగేవాడు. ముసలివాళ్ళ చేత మాట్లాడించి రికార్డు చేశాడు. గోడల మీది పెళ్ళి ఫొటోలు దింపించి స్కాన్ చేశాడు. తను పుట్టకముందే సముద్రంలో పోయిన చిన్నాన్న పోలయ్య గొంతు ఎవరింట్లోనో పాత క్యాసెట్లో దొరికితే, దాన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాడు.

ఆ సంగతి ఎవరి నోటనో విని వచ్చింది ఆమె. పేరు దేముడమ్మ. తగరపువలస సంతలో ఎండుచేపలు అమ్ముతుందట.

మొదటిసారి వచ్చినప్పుడు అన్నీ చూసింది, అన్నీ వింది. తరువాతి ఆదివారం మళ్ళీ వచ్చింది. ఆ పై ఆదివారమూ వచ్చింది.

వచ్చినప్పుడల్లా ఒకటే మాట, తనకొక కాపీ ఇమ్మని. పెన్ డ్రైవ్ కూడా తనే కొనుక్కుని, కొంగుకు ముడేసుకుని తెచ్చింది.

"మావోళ్ళకి నువ్వేటవుతావమ్మా?" సింహాద్రి అడిగాడు.

దేముడమ్మ కాసేపు కంప్యూటర్ వైపే చూసింది.

"ఏటీ అవను బాబూ."

అతని భార్య రాధకి ఆ జవాబు నచ్చలేదు. ఏమీ కాని మనిషికి ఇంటివాళ్ళ గొంతులెందుకు? రేపు ఏ పెద్దమనుషులనో వెంటబెట్టుకొచ్చి, ఈ ఇంట్లో నాకూ వాటా ఉందంటే? మెత్తగా ఉంటే ఇలాగే నెత్తికెక్కుతారని లోపల్నుంచి వినపడేలాగే అంది.

సింహాద్రికీ విసుగొచ్చింది. పెన్ డ్రైవ్‌లోకి అన్నీ ఎక్కించి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంక రాకమ్మా. ఇంట్లో గొడవగా ఉంది."

ఆమె దాన్ని రెండు చేతులతో అందుకుంది. ఏమీ అనుకున్నట్టు కనిపించలేదు.

"నువ్వు కూడా ఇంకో కాపీ ఎక్కడైనా దాసుకో బాబూ" అని చెప్పి మెట్లు దిగింది.

మళ్ళీ రాలేదు.

సింహాద్రి దాచుకోలేదు. ఈ ఆదివారం చేద్దాం, వచ్చే ఆదివారం చేద్దాం అనుకుంటూనే ఏడాది గడిచిపోయింది.

వానాకాలంలో ఒక వారమంతా ఈదురుగాలి వీచింది. కరెంటు పోతూ వస్తూ ఉంది. గాలి తగ్గాక చూస్తే కంప్యూటర్ వెలగలేదు. ద్వారకానగర్‌లో రిపేరు షాపుకి పట్టుకెళ్తే, లోపలి డిస్కు పూర్తిగా పోయిందన్నారు. హైదరాబాద్ పంపించాడు. అక్కణ్నుంచీ అదే మాట వచ్చింది.

సింహాద్రికి అన్నం సయించలేదు. తనతో మాట్లాడిన ముసలివాళ్ళలో చాలామంది ఈ ఏడాదిలోనే పోయారు. పల్లెలోనే ఉండిపోయిన నాన్న అర్జునరావు కూడా పోయాడు. ఇప్పుడు మళ్ళీ ఎవరిని అడుగుతాడు?

చివరికి రాధే గుర్తు చేసింది, ఆ ఎండుచేపలావిడ దగ్గర ఉంటుంది కదా అని.

తగరపువలస సంతలో దేముడమ్మ కూర్చునే చోటు ఖాళీగా ఉంది. పక్కన నూకాలు అనే ఆమె రొయ్యపప్పు అమ్ముకుంటోంది.

"దేముడక్క పోయింది బాబూ. మొన్న జొరమొచ్చి. నువ్వెవులు?"

అతను చెప్పాడు.

నూకాలు తూకం ఆపి అతని మొహంలోకి చూసింది. "పెదజాలరిపేట బాబువా? నువ్వొత్తావని సెప్పిందిలే."

దుకాణం మరొకామెకు అప్పజెప్పి, అతన్ని ఇంటికి తీసుకెళ్ళింది. బియ్యం డబ్బాలోంచి ఒక చిన్న పొట్లం తీసింది. అందులో పెన్ డ్రైవ్. దేముడమ్మ సెల్ షాపులో ఇంకో కాపీ తీయించి తన దగ్గర దాచిందని చెప్పింది నూకాలు. దేముడమ్మ ఇల్లు కురుస్తుందని, ఒకటి పోతే ఒకటైనా ఉంటుందని.

"ఆ బాబు దాసుకోడే, ఏదో నాడు ఎతుక్కుంటా వత్తాడు, ఇచ్చెయ్ అంది."

సింహాద్రి ఆ పొట్లాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

దేముడమ్మ తన కోసం ఉంచుకున్న పెన్ డ్రైవ్, పాటలు వినే చిన్న స్పీకరుకు ఇంకా తగిలించే ఉంది. నూకాలు దాన్నీ తెచ్చింది.

"సేపల బుట్ట కాడ ఎట్టుకొని పొద్దల్లా ఇదే ఇనేది" అంటూ బటన్ నొక్కింది.

ఆగిన చోటి నుంచే మొదలైంది. గరగరల మధ్య ఒక కుర్రవాడి నవ్వు.

"ఒరే, నా మాట పట్టేసిందేటిరా ఇది? మళ్ళీ ఎయ్యి, ఇంటాను."

పోలయ్య చిన్నాన్న.

తక్కినవాళ్ళవి కూడా వినేదా అని అడిగాడు సింహాద్రి. అవేవీ తనకు వినపడినట్టు గుర్తు లేదంది నూకాలు.

అక్కణ్నుంచి ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. బస్సులు మారి, పరవాడ దాటి, ముత్యాలమ్మపాలెంలో ఉన్న మేనత్త పోతమ్మ దగ్గరికి వెళ్ళాడు. పెద్దవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే.

"అత్తా, దేముడమ్మంటే ఎవరు?"

పోతమ్మ చేతిలో పని ఆపింది.

"ఇంకా ఉందా అది?" అంది.

లేదని చెప్పాడు. ఆవిడ కళ్ళు ఒత్తుకుంది. తరవాత దానికి ఎన్ని సంబంధాలు తెచ్చినా ఒప్పుకోలేదని విన్నానంది. దేని తరవాత అని అడిగాడు సింహాద్రి.

"పెళ్ళి వారముందనగా పోలిగాడు ఏటకెల్లాడు. ఆడు తిరిగొచ్చుంటే, నువ్వు దాన్ని పిన్నీ అని పిలిసేవోడివిరా."