ఇవ్వని రొట్టె

తాగుడు పాపమా, జబ్బా అన్న అనుమానం నాకు పదేళ్లుగా ఉంది. నాలుగేళ్ల కిందట పెద్దబ్బాయి తాగి తాగి చనిపోయినప్పుడు కూడా అది తీరలేదు.

ఇప్పుడు హొసకోటె ఆసుపత్రిలో తాగుడు మాన్పించే వార్డులో చిన్నవాడు స్టీఫెన్ వణుకుతూ పడుకున్నాడు. కౌన్సెలర్ వచ్చాడు. చూస్తే నతానియేల్! ఒకప్పుడు మా చర్చిలో పేరుపడిన తాగుబోతు. ప్రభువు బల్ల ఆదివారం అందరికీ పంచే రొట్టె పళ్లెం, తాగుబోతు పాపి అని అతని ముందు ఆపకుండా దాటించిన సంఘపెద్దను నేనే.

“నువ్వా? నువ్వేం చెప్తావప్పా వీడికి?”

“తాగి మానినోళ్లకే ట్రైనింగ్ ఇచ్చి పెట్టుకుంటా ఉండారయ్యా. సర్కారు ఇన్సూరెన్సులోంచే మాకు జీతం. నలభై మంచాలకు ఇద్దరమే ఉండాము.”

“మా పెద్దోడప్పుడు ఒక్కరూ లేరే!”

“అప్పుడు మందులకే ఇన్సూరెన్సు. కూర్చుని మాట్లాడేదానికి లేదు.”

అతను స్టీఫెన్ చెయ్యి పట్టుకున్నాడు.

“నాకూ ఇట్లే వణికేది తమ్ముడూ. పళ్లెం నన్ను దాటిపోయిన దినం ఇంకా ఎక్కువ తాగితిని.”

మూడు రోజుల్లో నా కొడుకు మొదటిసారి నోరు విప్పాడు.

“మా నాయన నా ముందు కూడా ఆ పళ్లెం ఆపడన్నా.”

నేను క్యారియర్ తెరిచాను. రాగి రొట్టె విరిచి, ముందు నతానియేల్ చేతిలో పెట్టాను.